పెద్దమ్మ గదికి తాళం

ఆ శనివారం పొద్దున ఇర్మా ఒలివియర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి చెల్లెలి కొడుకు కెన్రిక్ టైర్ల షాపుకి పనికి వెళ్తాడు. తొమ్మిదీ పదికి తన పడకగది తాళం తీసి, బీరువాలోని గాజు జాడీని బయటికి తెచ్చి, హాలు దాటించి వంటింట్లో పెట్టాలి. నాలుగింటికల్లా కేకులు ఓవెన్‌లోంచి దిగాలి, కిటికీలు తెరుచుకోవాలి, ఫ్యాను తిరగాలి, జాడీ మళ్లీ గదిలోకి, తాళంచెవి మళ్లీ మెడలోకి చేరాలి. ఐదింటికి కెన్రిక్ తిరిగొచ్చి ఇదేం వాసన అంటే, నేల తుడిచే కొత్త మందు అని చెప్పాలి. ముప్పై ఏళ్లు ఆస్పత్రి వంటశాలలో నాలుగువందల మందికి వండిపెట్టిన మనిషికి ఇదొక లెక్క కాదు.

చిక్కంతా ఆ హాలు దాటడంలోనే ఉంది. ఎందుకంటే కెన్రిక్ ప్రొబేషన్ మీద ఉన్నాడు.

రెండేళ్ల కిందట బ్రూక్లిన్‌లో కార్నివాల్ జరిగిన రోజున ఆ అబ్బాయి పూటుగా తాగి, ఊరేగింపులో ఆగి ఉన్న ఒక లారీ ఎక్కి నడిపేశాడు. లారీ మీద స్టీల్ డ్రమ్ముల బృందం ఉంది. దారి మార్చారు కాబోలు అనుకుని వాళ్లు పన్నెండు వీధుల పాటు వాయిస్తూనే ఉన్నారు. చివరికి లారీ ఒక చేపల కొట్టు షట్టరుకి ఆనుకుని ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అయినా జడ్జిగారికి నవ్వు రాలేదు. కేసు నడిచి నడిచి ఏడాదిన్నర ప్రొబేషన్ వేశారు. కెన్రిక్ చుక్క ముట్టకూడదు, మందు దగ్గర ఉంచుకోకూడదు, ఆఫీసరు ఎప్పుడు తలుపు తట్టినా ఇల్లు చూపించాలి. తేడా వస్తే నేరుగా జైలు. ఆ ఏడాదిన్నరలో ఇంకా పంతొమ్మిది రోజులు మిగిలాయి. ఇరవయ్యో రోజున డెలీసాతో పెళ్లి. ఆ తర్వాతి సోమవారం బస్సు డిపోలో మెకానిక్ ఉద్యోగం, అదీ కోర్టు కాగితం మచ్చ లేకుండా వస్తేనే. ఆ ఇంట్లో ఉన్నది ఇద్దరే, ఇద్దరూ ఊపిరి బిగబట్టుకుని రోజులు దాటిస్తున్నారు.

ఆఫీసరు పేరు హాలరన్. మూడో అంతస్తుకి మెట్లెక్కి వచ్చేసరికి పాపం ఆయన ముఖం కందిపోయేది. మొదటిసారి వచ్చినప్పుడు ఇర్మా ఆయన్ని కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, వాడి సంగతి తర్వాత, ముందు నా సంగతి తేల్చండి అంది. ఆయన ఓపిగ్గా చెప్పాడు. కెన్రిక్ గది ఆయన చూడొచ్చు. హాలు, వంటిల్లు, స్నానాల గది ఇద్దరూ వాడుకునేవి కాబట్టి అవీ చూడొచ్చు. ఆవిడ ఒక్కతే వాడుకునే గది మాత్రం ఆవిడదే. ప్రొబేషన్ మీద ఉన్నది ఆవిడ కాదు గనక, ఆవిడ రమ్మంటే తప్ప ఆ గడప తను దాటడు. ఇర్మా ఈ మాట మూడుసార్లు చెప్పించుకుంది. వంటల నోటుబుక్కులో రాసుకుని ఆయన చేత సంతకం కూడా పెట్టించుకుంది. మర్నాడే గదికి తాళం బిగించి, చెవిని దారానికి కట్టి మెడలో వేసుకుంది. అప్పటికి ఆ గదిలో ఒక మంచం, బీరువా, ఆదివారం చర్చికి పెట్టుకెళ్లే టోపీలు తప్ప ఏమీ లేవు. అయినా హక్కంటూ ఒకటి చేతికొచ్చాక ఊరికే పడేసి ఉంచడం ఆవిడకు ఇష్టం లేదు.

దాచవలసిన వస్తువు ఏడు నెలల తర్వాత వచ్చింది. ఒక ఆదివారం కెన్రిక్ డెలీసాని భోజనానికి తీసుకొచ్చాడు. ఆ అమ్మాయి ఉప్పుచేప రెండోసారి వడ్డించుకుంది, అడక్కుండానే గిన్నెలు కడిగింది. ఇక పెళ్లి ఖాయమని ఇర్మా తీర్మానించేసింది, వాళ్లిద్దరికీ ఆ ఆలోచన రాకముందే. ఇర్మా వాళ్లది కరీబియన్‌లోని సెయింట్ విన్సెంట్ దీవి, అక్కడివాళ్లకు నల్ల కేకు లేని పెళ్లి పెళ్లే కాదు. ఆ కేకులోకి ఎండు ద్రాక్ష, ఆల్‌బుఖారా, చెర్రీలు నెలల తరబడి రమ్ములో ఊరాలి. మందు పేరెత్తకూడని ఇంట్లో ఈ పనెలా? గదికి తాళం ఉండనే ఉంది. కెన్రిక్‌తో ఒక్క ముక్క చెప్పలేదు. వాడికి తెలియకపోతే, ఎవరైనా అడిగినప్పుడు వాడు అబద్ధమాడే పని ఉండదు.

నెలకో ఆదివారం సాయంత్రం తలుపు మూసుకుని, ఒక సీసా జాడీలోకి ఒంపి, చర్చి పాట పాడుకుంటూ చెక్క గరిటెతో కలిపేది. ఆస్పత్రి అలవాటు పోక, పోసిన ప్రతిసారీ తారీఖు రాసిన టేపు ముక్కొకటి జాడీకి అంటించేది. ఖాళీ సీసాను పేపర్లో చుట్టి కింద సీసాల డబ్బాలో పడేసేది.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్న మనిషి, తలుపుకి అవతల ఇంకొకడికి ముక్కూ చెవులూ ఉన్నాయన్న సంగతి మర్చిపోయింది. తాళం వేసిన గదిలో గుడగుడ శబ్దం, రమ్ము వాసన, ఆ తర్వాత భక్తి గీతం. ఒక గంటకి బుగ్గలెర్రబడి బయటికి వచ్చే పెద్దమ్మ. కింద డబ్బాలో సీసా. కెన్రిక్ ఇవన్నీ కూడికేసుకుని, పాపం, గుండె చెరువు చేసుకున్నాడు. తన కేసు దిగులుతోనే పెద్దమ్మ ఈ వయసులో తాగుడుకి బానిసైందని తేల్చుకుని, రెండు నెలల కిందట పాస్టరు దగ్గర ఏడ్చాడు.

శనివారం తొమ్మిదింటికి పనికని బయల్దేరినవాడు వెళ్లింది టైర్ల షాపుకి కాదు, చర్చికి.

ఇర్మాకి ఇదేం తెలియదు. పథకం ప్రకారమే తాళం తీసింది. బట్టలు ఉతుక్కోవడానికి తీసుకెళ్లే చక్రాల బండిలో జాడీని నిలబెట్టి, వంటింటి దాకా తోసుకొచ్చింది. మూత పక్కన పెట్టి, పైన రెండు గరిటెలు తీసి చూసింది. పళ్లు నల్లగా నిగనిగలాడుతున్నాయి. అంతలో మెట్ల మీద అడుగుల చప్పుడు. కెన్రిక్ గొంతు, దానితోపాటు ఒక బరువైన మగ గొంతు. హాలరన్ మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చేశాడనుకుంది ఇర్మా. బండిని వెనక్కి తిప్పి హాల్లోంచి ఒక్క తోపు తోసింది. గది గడపకి చక్రం తట్టుకుని జాడీ ఒరిగింది. గ్లాసెడు రమ్ము ఎగిరి ఆవిడ ఏప్రాన్ మీద, చెప్పుల మీద, హాలంతా పడింది. ఎలాగో బండిని లోపలికి నెట్టి తాళం వేసి, తుడిచే కర్ర చేతిలోకి తీసుకునేసరికి వీధి తలుపు తెరుచుకుంది.

వచ్చింది హాలరన్ కాదు. పాస్టర్ స్టేపుల్టన్, ఆయన వెనక చర్చి మహిళా సంఘం కార్యదర్శి విల్మా గంబ్స్, ఇద్దరి వెనక తల దించుకున్న కెన్రిక్. ముగ్గురికీ ఒకేసారి వాసన తగిలింది. విల్మాదీ అదే దీవి. ఆ వాసన దేనిదో ఆవిడ ముక్కు పసిగట్టవలసిందే. కానీ ఆవిడ కేకులన్నీ కొట్లో కొనే రకం, పైగా ఇంత పెద్ద కబురు కళ్లెదుట ఉండగా ముక్కుని ఎవరు పట్టించుకుంటారు.

పాస్టరు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. "సిస్టర్, మేము తప్పుపట్టడానికి రాలేదు. మాకు అంతా తెలుసు," అన్నాడు.

జాడీ సంగతి బయటపడిపోయిందనుకుంది ఇర్మా. "ఎప్పట్నించి?" అంది.

"రెండు నెలలైంది. కెన్రికే చెప్పాడు. ఎంతవరకు వచ్చిందో మీ నోటితో మీరు చెబితే గుండె తేలికవుతుంది."

"నెలకో సీసా," అంది ఇర్మా. పాస్టరు ముందు అబద్ధమాడే అలవాటు ఆవిడకు లేదు. "మొదటి వారం మాత్రం మూడు పట్టాయి. మొదట్లో బాగా తడవాలి కదా."

విల్మా చేతిసంచీలోంచి రుమాలు తీసింది.

"ఒక్కరేనా?" అన్నాడు పాస్టరు.

"ఇది నలుగుర్ని పిలిచి చేసే పనా? తలుపు వేసుకునే కానిచ్చాను."

"మానెయ్యాలని ఎప్పుడూ అనిపించలేదా, సిస్టర్?"

"ఇవాళ్టితో అయిపోయేది. మీరొచ్చి మధ్యలో ఆపారు."

పాస్టరు కళ్లు మూసుకుని దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకున్నాడు. "ఇంకా ఎంత మిగిలింది?" అని మెల్లగా అడిగాడు.

"జాడీ నిండా ఉంది."

"జాడీయా," అని విల్మా గోడ పట్టుకుంది.

సరిగ్గా అప్పుడే తలుపు తట్టారు. ఈసారి నిజంగానే హాలరన్. గురువారం రావలసిన మనిషికి ఆఫీసులో ఏదో శిక్షణ తరగతి పెట్టారట, అందుకని శనివారం వచ్చాడు. ఇదే ఆఖరిసారి అని నవ్వుతూ గడపలో అడుగు పెట్టినవాడు, ముక్కెగబీల్చి, నవ్వడం ఆపాడు. హాల్లో రమ్ము వాసన ఎందుకొస్తోందని అడిగాడు.

కుర్రాణ్ణి కాపాడాలన్న తొందరలో పాస్టరు లేచి నిలబడ్డాడు. తప్పు కెన్రిక్‌ది కాదని, తమ సిస్టర్ ఇర్మా పదకొండు నెలలుగా తాగుడు వ్యసనంలో పడి కొట్టుకుంటోందని, ఇప్పుడే అందరి ముందూ ఒప్పుకుందని, ఆవిడకు కావలసింది ప్రార్థన అని ఒక్క గుక్కలో చెప్పేశాడు.

అప్పుడు వెలిగింది ఇర్మాకి. ముప్పై ఏడేళ్లుగా చర్చి పాటల బృందంలో ముందు వరసలో నిలబడుతున్న మనిషి. బర్త్‌డే పార్టీల్లో కూడా అల్లం షర్బత్ తప్ప ఏమీ ముట్టదు. "నేనా?" అంది. నిజం చెబితే కెన్రిక్ పెళ్లి కోసం ఇంట్లో జాడీ ఉందని చెప్పాలి. వాడి కోసం ఉంచిన మందంటే వాడి మందే అంటారు, వాడు జైలుకి. చెప్పకపోతే రేపు ఆదివారం చర్చి మెట్ల మీద ప్రతి టోపీ కిందా ఈ ముచ్చటే. విల్మా ముఖం చూసింది. ఆ ముఖంలో జాలి ఉంది, జాలి వెనక కొంచెం పండగ కూడా ఉంది. ఇర్మా కెన్రిక్ వైపు తిరిగింది. వాడి కళ్లు ఎర్రగా ఉన్నాయి. పరువు పోతే పోయింది అనుకుంది.

"అవును, తాగుతాను," అంది హాలరన్‌తో. "నా గదిలో తాగుతాను, తాళం వేసుకుని తాగుతాను. అది నా హక్కు. మీ సంతకం నా దగ్గరుంది."

"మీ హక్కే, మేడమ్," అన్నాడు హాలరన్. కెన్రిక్ చేత గొట్టంలోకి ఊదించి చూస్తే సున్నా వచ్చింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఇక రివాజు ప్రకారం అబ్బాయి గది ఒకసారి చూసి వెళ్లిపోతానని ఆయన అన్నాడు. కెన్రిక్ ముఖంలో నెత్తురు లేదు.

మంచం కింద నీలం సంచీ ఒకటి ఉంది. హాలరన్ దాన్ని బయటికి లాగితే గాజు గలగల్లాడింది. జిప్పు తీసి ఒక్కొక్కటే నేల మీద నిలబెట్టాడు. ఖాళీ రమ్ము సీసాలు, పద్నాలుగు.

ఇర్మా వాటిని గుర్తుపట్టింది. ప్రతి సీసాకీ తను చుట్టిన పేపరు ముక్కలు ఇంకా అంటుకునే ఉన్నాయి. కింద డబ్బాలో పడేసినవి పైకి ఎలా వచ్చాయో మాత్రం అర్థం కాలేదు.

"ఇవి ఎవరివి?" అన్నాడు హాలరన్.

"నావి," అన్నాడు కెన్రిక్.

"నావి," అంది ఇర్మా.

హాలరన్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "ఫారంలో నాకు ఒక్క గడే ఉంది," అన్నాడు.

"నావే సార్," అన్నాడు కెన్రిక్ మళ్లీ. "నా గదిలో దొరికాయి కదా. పెద్దమ్మకి సంబంధం లేదు. ఆవిడ తాగదు. అవన్నీ నేనే తాగాను, రాసుకోండి." పాస్టరు ముందు, విల్మా ముందు పెద్దమ్మ పరువు నిలబెట్టడానికి వాడు పంతొమ్మిది రోజుల్ని, పెళ్లిని, ఉద్యోగాన్ని ఒక్క ముక్కలో అవతల పారేశాడు. హాలరన్ నిట్టూర్చి ఫారం తీశాడు. ఆయనకు కూడా ఇష్టం లేదని తెలుస్తూనే ఉంది. అతని గది, అతని మంచం, అతని సంచీ. ఆయన చెయ్యగలిగింది ఏముంది. పెన్ను మూత తీశాడు.

ఇర్మా మెడలోని దారం తీసింది.

"మిస్టర్ హాలరన్, నా గదిలోకి రావడానికి మీకు హక్కు లేదు," అంది.

"లేదమ్మా. నేను అడగను కూడా అడగలేదు."

"అడిగి ఉంటే రానిచ్చేదాన్ని కాదు. అడగలేదు కాబట్టి పిలుస్తున్నాను. రాయండి. మీరు వచ్చారని కాదు, నేను రమ్మన్నానని."

ఆయన బుద్ధిగా అలాగే రాశాడు. ఇర్మా తాళం తీసింది. ఏడాదిన్నరగా ఇంకొకరి కాలు పడని గదిలోకి నలుగురూ చెప్పులు వదిలి మరీ అడుగు పెట్టారు. గది మధ్యలో బండి, బండిలో జాడీ. జాడీ చుట్టూ టేపు ముక్కలు. హాలరన్ కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో తారీఖూ చదివాడు. పద్నాలుగు. వెనక్కి వెళ్లి సీసాలు మళ్లీ లెక్కపెట్టి వచ్చాడు. పద్నాలుగే.

"మరి ఇంత రమ్మూ ఎవరు తాగారు?" అన్నాడు. ఆయనది ఐర్లండు వంశం. నల్ల కేకు గురించి ఆయనకు ఎవరూ చెప్పలేదు.

"ద్రాక్ష తాగింది," అంది ఇర్మా. గరిటెడు తీసి ఆయన ముక్కు కింద పెట్టింది. "వచ్చినప్పుడు ముడతలు పడి ఎండిపోయి ఉండేది. ఇప్పుడు చూడండి ఎలా బొద్దుగా ఉందో."

విల్మా ఆ గరిటె వైపు చూసింది, పాస్టరు వైపు చూసింది, ఇక ఎటు చూడాలో తెలియక కప్పు వైపు చూసింది.

"ఎవరి కోసం పెద్దమ్మా?" అన్నాడు కెన్రిక్.

"నీ పెళ్లికిరా, మొద్దూ. డెలీసా ఈ ఇంట్లో మొదటిసారి అన్నం తిన్న మర్నాడే మొదలుపెట్టాను. అది సరే, ఆ సీసాలు నీ మంచం కిందికి ఎలా వచ్చాయి?"

కెన్రిక్ చాలాసేపు నసిగి చెప్పాడు. డబ్బాలో ఆ సీసాలు చూస్తే బిల్డింగులో వాళ్లు పెద్దమ్మ గురించి ఏమనుకుంటారో అని, ఆవిడ పడేసిన ప్రతిసారీ వెళ్లి తెచ్చి టైర్ల షాపులో ఉంచి, అక్కడ సర్దమనేసరికి నిన్ననే ఇంటికి తెచ్చి దాచాడట. ఆఫీసరు వెతికే ఇంట్లో, ఆఫీసరు వెతికే గదిలో, ఆఫీసరు ముందుగా వంగి చూసే మంచం కింద. చెంప పగలగొట్టాలన్నంత కోపం రావలసింది ఇర్మాకి. ఏడుపొచ్చింది. వాడి తల పట్టుకుని రమ్ము కారుతున్న ఏప్రాన్‌కి అదుముకుంది. ప్రొబేషన్ మీద ఉన్న మనిషి ముక్కు అక్కడ పెట్టకూడదేమోనని హాలరన్‌కి తోచినట్టుంది గానీ, ఆయన కిటికీ వైపు తిరిగాడు.

తర్వాత ఆయన మంచం అంచున కూర్చుని తీర్పు చెప్పాడు. గది ఆవిడది, తాళం ఆవిడది, చెవి ఆవిడ మెడలో. జాడీ ఉందని అబ్బాయికి తెలియనే తెలియదు. కాబట్టి మందు అతని దగ్గర ఉన్నట్టు కాదు. ఇక ఖాళీ సీసాలంటారా, అవి చెత్త. చెత్త దాచుకోవద్దని జడ్జిగారు ఎక్కడా అనలేదు. "మొదట్లోనే నాకో మాట చెప్పి ఉంటే సరేననేవాణ్ణి కదమ్మా," అన్నాడు చివర్లో.

"చెబితే చూపించమనేవారు."

"అనేవాణ్ణి. మీరు వద్దనేవారు."

"వద్దనేదాన్నే," అని ఇర్మా తృప్తిగా తలూపింది.

ఆ మధ్యాహ్నం వంటింట్లో ఖాళీగా కూర్చున్నవాళ్లు లేరు. పాస్టర్ స్టేపుల్టన్ నాలుగు డజన్ల గుడ్లు కొట్టాడు. విల్మా గంబ్స్ కేకు గిన్నెలకు వెన్న రాసింది, ఒకసారి సరిగా రాయలేదని ఇర్మా మళ్లీ రాయించింది. మర్నాడు ఆరాధన అయ్యాక అదే విల్మా అందరి ముందూ నిలబడి, సిస్టర్ ఇర్మా చుక్క ముట్టదని, తన కళ్లతో చూశానని, ఇర్మా రాసిచ్చిన కాగితం చూసి చదివింది. చదువుతున్నంతసేపూ ఇర్మా ముందు వరసలో కొత్త టోపీ పెట్టుకుని నిటారుగా కూర్చుంది. పాట మొదలయ్యాక ఆవిడ గొంతు ఆ చివరి బెంచీ దాకా ఖంగున మోగింది.

పంతొమ్మిది రోజులూ గడిచాయి. కోర్టు కాగితం మచ్చ లేకుండా వచ్చింది. ఇరవయ్యో రోజున కెన్రిక్ కొత్త సూట్లో, డెలీసా తెల్ల గౌనులో మూడంతస్తుల నల్ల కేకు కోశారు. మొదటి ముక్క, చట్టం సాక్షిగా, కెన్రిక్ నోట్లోకే వెళ్లింది. హాలంతా చప్పట్లు కొట్టింది. ఇర్మా మాత్రం కోర్టు కాగితంతోపాటు వచ్చిన హాలరన్ గారి ఆఖరి నివేదిక నకలుని ఫ్రేము కట్టించి కేకు పక్కనే నిలబెట్టింది, వచ్చినవాళ్లందరి చేతా చదివించింది.

అందులో చివరి వరస ఇలా ఉంది: ఇంట్లో మద్యం సేవించినవారు, ఎండు ద్రాక్ష, వారు ప్రొబేషన్ మీద లేరు.